ఏ ఊరని రాయమంటారు?

మొదటి రోజు

ఖమ్మంలో ముప్పై ఏళ్లు మెడికల్ షాపు నడిపి, రెండేళ్ల కిందట తాళాలు కొడుకు చేతికిచ్చి కూర్చున్నాను. మా బామ్మర్ది పిల్లల డాక్టరు. ఏడాదికి రెండుసార్లు స్నేహితులతో కలిసి చర్ల వైపు అడవిలో వైద్య శిబిరం పెట్టి వస్తుంటాడు. ఎప్పుడూ వెళ్లే ఫార్మసిస్టు ఈసారి రాలేనన్నాడట. "బావా, నువ్వు రా. మందుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు? రిజిస్టరు కూడా నువ్వే రాద్దువు" అని ఫోన్ చేశాడు. 2025 ఫిబ్రవరి. ఎండలు ఇంకా ముదరలేదు. సరేనన్నాను.

బొలెరో వెనక ఏడు కార్టన్లు. పారాసెటమాల్, ఓఆర్ఎస్, ఐరన్, గజ్జి మందు, యాంటీబయాటిక్ సిరప్‌లు, కట్లు కట్టే సామాను. "బిల్లులన్నీ విడిగా ఒక కవర్లో పెట్టు. మందుల లిస్టు మూడు కాపీలు తియ్యి" అని బామ్మర్ది రెండుసార్లు చెప్పాడు. జీఎస్టీ వాళ్ల కోసం కాబోలు అనుకున్నాను.

కొత్తగూడెం స్టేషన్ ముందు టీ తాగాం. బోర్డు మీద మాత్రం 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. రామయ్య ఇక్కడే ఉంటాడని రైలు దిగిన ఉత్తరాది భక్తులు, ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలని తెలిసి దిక్కులు చూడటం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెనెక్కేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లు బాగా తగ్గి ఇసుక తేలింది. 2022 జులైలో ఇదే గోదావరి 71 అడుగులు దాటిందంటే ఇప్పుడు ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

సాయంత్రం భద్రాచలం ఏరియా ఆస్పత్రికి వెళ్లాం. బామ్మర్ది పంపే కేసులు చివరికి చేరేది ఇక్కడికే కాబట్టి, తెలిసిన డాక్టర్లను ముందే పలకరించడం అతనికి అలవాటు. కాన్పుల వార్డు వరండాలో ఒక్క బెంచీ మీద తెలుగు, కోయ, ఒడియా, హిందీ వినిపించాయి. తెలంగాణ పేషెంట్లు సరే, చింతూరు వైపు ఆంధ్రా వాళ్లు, మల్కన్‌గిరి నుంచి ఒడిశా వాళ్లు, సుక్మా, బీజాపూర్ల నుంచి ఛత్తీస్‌గఢ్ వాళ్లు కూడా ఇక్కడికే వస్తారు. నాలుగు రాష్ట్రాల కడుపుకోతలూ కాన్పులూ మోస్తున్న ఆస్పత్రి. ఒక నర్సమ్మ ఒడియా ఆమెతో తెలుగులో, ఆమె నర్సమ్మతో ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. ఇద్దరికీ పని జరిగిపోతోంది.

రాత్రి లాడ్జిలో కొత్త రిజిస్టరు తెరిచి స్కేలుతో గీతలు కొట్టాను. వరస నంబరు, పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు. బామ్మర్ది చూసి నవ్వాడు. "నాలుగో గడి నిన్ను ఏడిపిస్తుంది చూడు బావా" అన్నాడు.

రెండో రోజు

భద్రాచలం దాటగానే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఎటపాక మండలం. కాసేపటికి మళ్లీ తెలంగాణ. పోలవరం కోసం 2014లో మండలాలు విడదీసినప్పుడు భద్రాచలం ఊరు ఇటు, చుట్టూ ఉన్న పంచాయతీలు అటు పోయాయి. దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే పక్క రాష్ట్రంలోంచి పోవాలి. మా డ్రైవర్ కోయ కుర్రాడు. ఫోన్లో ఎవరితోనో "ఆంధ్రాలో ఉన్నా, పది నిమిషాల్లో తెలంగాణ వస్తా" అంటుంటే తమాషాగా అనిపించింది.

చర్ల ఇంకా ముందుందనగా పోలీసు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపారు. కార్టన్లు దించమన్నారు. లిస్టు ఒక కాపీ వాళ్లు తీసుకున్నారు. ఇన్ని యాంటీబయాటిక్స్ ఎందుకు, ఇన్ని కట్లు ఎవరికి, ఏ గుంపుకి, అంటే అడవిలోని ఏ పల్లెకి వెళ్తున్నారు, సాయంత్రం మిగిలినవి ఇదే దారిలో తెస్తారా? అడిగిన కుర్రాడు మర్యాదగానే అడిగాడు. అరగంటలో పంపేశారు. బిల్లుల కవరు ఎందుకో అప్పుడు అర్థమైంది. అడవిలోకి పోయే మందు ఎవరి ఒంట్లోకి పోతుందోనన్న అనుమానం ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంది.

ఆ కాసేపట్లో నాకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. దాని గురించి తర్వాత చెబుతాను.

తారురోడ్డు అయిపోయిన చోట ఏఎన్‌ఎం మేడం, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు, మా కోసం చూస్తోంది. నలభై దాటిన మనిషి. చేతిలో నీళ్ల బాటిల్, భుజానికి వ్యాక్సిన్ డబ్బా. పక్కన పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివిన ఒక గొత్తికోయ కుర్రాడు, దుబాసీ పనికి. అక్కడి నుంచి ట్రాక్టర్ కొంత దూరం, తర్వాత నడక. రెండు వాగులు దాటాం. చర్లలో టిఫిన్ చేయకపోవడం ఎంత పొరపాటో రెండో వాగు దగ్గర తెలిసింది.

గొత్తికోయలు అని రాస్తున్నాను గానీ, ఆ పేరు మనం పెట్టిందే. వాళ్లు తమను మురియాలని, కోయతోర్ అని చెప్పుకుంటారు. మాట్లాడేది గోండి. బస్తర్ అడవుల్లో ఉండాల్సిన మనుషులు ఇక్కడెందుకున్నారో రెండు మాటల్లో చెప్పాలి. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వం అండతో సల్వాజుడుం అనే ఉద్యమం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి రోడ్డు పక్క క్యాంపుల్లోకి తరలించారు. రానివాళ్లు మావోయిస్టుల మనుషులు. వచ్చినవాళ్లు మావోయిస్టులకు ద్రోహులు. ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చారు. 640కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయన్న లెక్క అప్పట్లో బాగా వినిపించింది. ఎటూ ఉండలేనివాళ్లు వాగులు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. పోలీసుల కింద ఆదివాసీ కుర్రాళ్లకు తుపాకులిచ్చి ఎస్పీవోలుగా, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లలేదు. 50 వేల దాకా ఉంటారని అంటారు గానీ, కూర్చుని సరిగ్గా లెక్కపెట్టినవాళ్లు లేరు.

గుంపులో ఇరవై రెండు ఇళ్లు. మట్టిగోడలు, గడ్డి కప్పు, ఇంటి చుట్టూ దడి. కరెంటు లేదు. బోరు లేదు. వాగు ఇసుకలో చెలమ తీసి, సొరకాయ బుర్రతో నీళ్లు తోడుతున్నారు. ఒక చెలమ మనుషులకు, కాస్త దిగువన ఇంకొకటి గొడ్లకు. బోరు వేయాలంటే అటవీశాఖ ఒప్పుకోవాలి. రిజర్వు ఫారెస్టులో ఉన్నది ఊరే కాదని వాళ్ల వాదన. ఊరు కానప్పుడు అంగన్‌వాడీ ఉండదు, ఆశా ఉండదు, ఓటరు లిస్టు సరిగ్గా ఉండదు. మేడం మాత్రం నెలకోసారి వస్తుంది.

వేపచెట్టు కింద మంచం వేసి బామ్మర్ది కూర్చున్నాడు. పక్కనే నేను రిజిస్టరుతో. మొదటి పేషెంటు ఒక ముసలాయన, కీళ్ల నొప్పులు. పేరు రాశాను. వయసు డెబ్బై అన్నాడు, కుర్రాడు అరవై అన్నాడు, అరవై ఐదు రాశాను.

"ఏ ఊరు?"

కుర్రాడు గోండిలో అడిగాడు. ముసలాయన నా మొహం చూశాడు, పెన్ను చూశాడు, నేల చూశాడు. వెనక వరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు లేచి ఇళ్ల వైపు నడిచారు.

మేడం వచ్చి నా చేతిలోంచి రిజిస్టరు మెల్లగా తీసుకుని మూసేసింది. "సార్, ఆ మాట చివర్లో. లేకపోతే అసలొద్దు. ఎన్నాళ్ల నుంచి నొప్పి అని అడగండి ముందు" అంది.

వాళ్లకు ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవరెవరు వేశారో ఆలోచించలేదు నేను. పోలీసులు అడిగారు. అన్నలు అడిగారు. అటవీశాఖ వాళ్లు అడిగారు. జవాబు ఏది చెప్పినా ఎవరో ఒకరికి కోపం వచ్చే ప్రశ్న అది. నేను ముప్పై ఏళ్లుగా కౌంటర్ మీద మర్యాద కోసం అడిగే మాట.

మధ్యాహ్నం ఒకామె మూడేళ్ల పాపను చంకనేసుకుని వచ్చింది. పాప ఒళ్లు పెనంలా కాలుతోంది. మేడం ఆర్‌డీటీ కిట్టు తీసింది, మలేరియా ఉందో లేదో అక్కడికక్కడే చూసేది. పాప వేలు దూదితో తుడిచి, సూదితో గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకుంది. ప్లాస్టిక్ పలక మీద చిన్న గుంటలో వేసి, పక్క గుంటలో మందు నీళ్ల చుక్కలు వదిలింది. ఇక పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. మేడం పలకను మంచం కోడు మీద కదలకుండా పెట్టి, గడియారం చూసి, ఈలోగా ఇంకో పిల్లవాడి జబ్బకు, తిండి ఒంటికి చాలుతోందో లేదో చూసే టేపు చుట్టింది. కాగితం టేపు మీద మూడు రంగులు. పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, పన్నెండున్నర దాటితే ఆకుపచ్చ, మధ్యలో పసుపు. ఆ పిల్లవాడు పసుపు. వాళ్లమ్మకు రంగు చూపించింది. ఎంత కొలతో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ తల్లి పసుపు మీద వేలు పెట్టి, తర్వాత ఆకుపచ్చ మీద పెట్టి, ఏదో అడిగింది. "ఇక్కడికి రావాలంటే ఏం పెట్టాలి అంటోంది" అన్నాడు కుర్రాడు.

పలక మీద ముందు పై గీత వచ్చింది. కాసేపటికి కింద ఇంకో గీత, పల్చగా మొదలై చిక్కబడింది. ఫాల్సిపారం. మెదడుకెక్కే రకం.

నాకు పనిపడింది. ఈ మలేరియా మందు వయసును బట్టి రంగురంగుల ప్యాకెట్లలో వస్తుంది. ఏడాదిలోపు గులాబీ, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిదేళ్ల దాకా ఆకుపచ్చ, పద్నాలుగు దాకా ఎరుపు, ఆపైన తెలుపు. చదువు రానివాళ్లు కూడా తప్పు వేయకుండా చేసిన ఏర్పాటు. మేడం దగ్గరి పెట్టెలోంచి పసుపు ప్యాకెట్ తీసిచ్చాను. మొదటి రోజు రెండు రకాల మాత్రలు. మిగతా రెండు రోజులు ఒక రకమే, రెండో రోజు దాంతో పాటు ప్రైమాక్విన్. మేడం మాత్ర నలిపి, చెంచా నీళ్లలో కలిపి, తనే పాప నోట్లో పోసింది. కక్కుతుందేమోనని అరగంట కూర్చుంది. కక్కలేదు. మిగతా రెండు రోజులూ వేయించే బాధ్యత దుబాసీ కుర్రాడిది.

ఆ అరగంటలో పొద్దున్నటి ముసలాయన తనంతట తనే వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు. పుట్టిన ఊరు బీజాపూర్ వైపు. అది 2006లో తగలబడింది. ఇటు వచ్చి ఒక వాగు దగ్గర దిగారు. నాలుగేళ్ల తర్వాత గుడిసెలు పీకేశారు. ఇంకో చోట పోడు కొట్టుకున్నారు. అక్కడా ట్రాక్టర్లు వచ్చాయి. ఇది మూడోది. దీనికి పేరు లేదు, పక్క వాగు పేరుతో పిలుస్తారు. చివరికి కుర్రాడు నా వైపు తిరిగి, "ఇందులో ఏది రాసుకుంటాడో ఆ సార్‌ను అడగమంటున్నాడు" అన్నాడు.

గడి ఖాళీగా వదిలాను.

మూడో రోజు

చర్లలో రాత్రి దోమలు నిద్రపోనివ్వలేదు. మంచాలు బయటేసుకుని మాట్లాడుకున్నాం. బామ్మర్దికి చట్టాల పిచ్చి ఉంది. డాక్టరు కాకపోతే లాయరయ్యేవాడు.

"యుద్ధంలో గాయపడ్డవాళ్లను, జబ్బుపడ్డవాళ్లను వెతికి తెచ్చి వైద్యం చేయాలని జెనీవా ఒప్పందాల్లో ఉంది బావా. 1949వి. నాలుగింట్లోనూ ఒకటే మూడో అధికరణం, దేశం లోపలి పోరాటాల గురించి. మనం సంతకం పెట్టాం. ఉన్న ఊళ్లు వదిలిపోయినవాళ్లకు తేడా చూపకుండా వైద్యం అందాలని 1998లో ఐక్యరాజ్యసమితి సూత్రాలు చేసింది. పందొమ్మిదోది. ఆస్పత్రులు, అంబులెన్సుల జోలికి పోవద్దని 2016 మేలో భద్రతా మండలి తీర్మానం, 2286."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ యుద్ధమే లేదుగా! శాంతిభద్రతల సమస్య. ఇంకో దేశం నుంచి వస్తే శరణార్థి అంటారు. పక్క రాష్ట్రం నుంచి వస్తే పేరే లేదు. మన దేశంలో వీళ్ల కోసం చట్టం లేదు. అక్కడ వీళ్లు ఎస్టీలు. వాగు దాటితే కారు. ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే."

అతను చెప్పనిది నేను చెబుతాను. రెండు వైపుల తుపాకులకూ డాక్టరంటే అనుమానమే. 2007 మేలో డాక్టర్ బినాయక్ సేన్‌ను, మావోయిస్టులకు సాయం చేశాడని ఛత్తీస్‌గఢ్‌లో అరెస్టు చేశారు. 2010లో యావజ్జీవం వేశారు. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అన్నలూ తక్కువేం కాదు. క్యాంపులో వైద్యం చేయించుకున్నవాడిని ఇన్ఫార్మర్ అన్నారు, నడిచే దారుల్లో ప్రెషర్ బాంబులు పెట్టారు. ఏది జవాను కాలో, ఏది గొడ్లకాపరి కాలో ఆ బాంబుకు తెలియదు.

అలాంటి కాలు ఒకటి పొద్దున్నే చూశాను. మిరపతోట దగ్గర రెండో శిబిరం. ఫిబ్రవరి, మార్చిలో చర్ల, వెంకటాపురం మండలాల్లో మిరప కోతలు. బస్తర్ నుంచి కూలీలు కుటుంబాలతో దిగుతారు. తోట గట్టున పాలిథిన్ పట్టాల కింద నెలల తరబడి ఉంటారు. ఎర్రగా పరిచిన కల్లాల పక్క ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. చంటిపిల్లలు అక్కడే పడుకుని ఉన్నారు. అందరికీ దగ్గే. ఈ ఏడాది మిర్చి రేటు పడిపోయిందని రైతు గోల, కూలి ఎప్పుడిస్తాడోనని వీళ్ల గోల. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్లో ములుగు జిల్లా మిరపతోటల నుంచి పన్నెండేళ్ల పిల్ల బీజాపూర్‌లోని ఇంటికి మూడు రోజులు అడవిలో నడిచి, ఊరి దగ్గరికొచ్చాక చనిపోయింది. మీరూ పేపర్లో చదివే ఉంటారు.

ఆ మనిషికి ముప్పై ఉంటాయి. ఎడమ పాదం సగం లేదు. మానిన గాయం మళ్లీ పగిలి చీము పట్టింది. బామ్మర్ది కడుగుతుంటే నేను గాజుగుడ్డ అందిస్తున్నాను.

"ఎలా అయింది?"

"చెట్టు మీంచి పడ్డా."

చెట్టు మీంచి పడితే పాదం అలా చితకదని నాలాంటి మందులమ్ముకునేవాడికి కూడా తెలుసు. బామ్మర్ది తలెత్తలేదు. "ఏ చెట్టు?" అన్నాడు గోండిలో, వచ్చీరాని ఉచ్చారణతో. ఆ మనిషి కొంచెం నవ్వాడు. "ఇప్పచెట్టు."

"ఇప్పచెట్లతో జాగ్రత్త" అన్నాడు బామ్మర్ది, కట్టు బిగిస్తూ.

నిజం చెబితే కేసు. కేసంటే స్టేషను, ఎక్కడ తొక్కావు, అక్కడెందుకున్నావు. చెప్పకపోతే లోపల ఇనపముక్క మిగిలిందో లేదో డాక్టరుకు తెలిసే దారి లేదు. ఎక్స్‌రే కావాలి. దగ్గర్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఆరోగ్యశ్రీ ఉంటే తెమ్మన్నారు. ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు కావాలి. అతని దగ్గర ఉన్నది ఛత్తీస్‌గఢ్ అడ్రసు ఆధార్, అదీ ఊళ్లో. ఏ ఊళ్లో అని ఈసారి నేను అడగలేదు. ప్రాణం మీదకొచ్చినవాణ్ణి ప్రభుత్వాస్పత్రి తిప్పి పంపితే జీవించే హక్కుకే భంగమని 1996లో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ కూలీ సంఘం కేసులో చెప్పిందని రాత్రి బామ్మర్ది అన్నాడు. కూలీల కేసే అది కూడా. కానీ ఇతనిది ఇవాళ్టికి ప్రాణం మీదికొచ్చిన జబ్బు కాదు. ఇంకో నెలకు వస్తుంది. చివరికి మా బండిలోనే భద్రాచలం పంపాం. అక్కడ తీసుకున్నారు.

ఇక చెక్‌పోస్టు దగ్గర గుర్తొచ్చిన నా సంగతి. 2009 వానాకాలం. షాపు కట్టేసే వేళకు ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చాడు. లుంగీ, రబ్బరు చెప్పులు, తెలుగు సరిగ్గా రాదు. చీటీ మీద క్లోరోక్విన్ రెండొందలు, పారాసెటమాల్ అయిదొందలు, దూది, కట్టుగుడ్డ అని రాసుంది. డాక్టరు సంతకం లేదు. నేను అడిగిన మొదటి మాట, "ఏ ఊరు మీది?" అతను చెప్పలేదు. "స్టాకు లేదు" అన్నాను. వెనక రాక్‌లో ఉంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వకూడదన్నది రూలే, కాదనను. కానీ నేను ఆలోచించింది రూలు గురించి కాదు. రేపు ఎవరైనా వచ్చి నా బిల్లుబుక్ తిరగేస్తారేమోనని. పక్కనే ఉన్న ప్రభుత్వాస్పత్రికి వెళ్లమని చెప్పే తీరిక కూడా చేసుకోలేదు. అతను అన్నల మనిషో, నిన్నటి గుంపులాంటి ఇరవై ఇళ్లకు మందు తీసుకెళ్లే మనిషో నాకు తెలియదు. షట్టరు దించేశాను.

బామ్మర్దికి ఇది ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపాగి, "నేనైనా అంతే చేసేవాణ్ణేమో బావా" అన్నాడు. ఆ 'ఏమో' అబద్ధమని నాకు తెలుసు.

నాలుగో రోజు

శిబిరం లేదు. బామ్మర్దికి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు కుంటలో ఒకరిని కలవాలి, నేనూ బయల్దేరాను. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా, 30వ నంబరు జాతీయ రహదారి. చింతూరు, కూనవరం వాళ్లకు పాత భయం ఒకటి ఉంది. 2016 చివర్లో కాళ్లవాపుతో ఇక్కడ వరసగా మనుషులు చనిపోయారు, కిడ్నీలు పాడై. పేపర్లలో వచ్చాకే పెద్ద డాక్టర్లు దిగారు.

శబరి నది పచ్చగా, నింపాదిగా ఉంది. సీలేరు వచ్చి కలిసే చోట ఒక ఒడ్డు ఆంధ్ర, ఒకటి ఒడిశా, ఒకటి ఛత్తీస్‌గఢ్. కుంట బజారులో తెలుగు బోర్డులు, తెలుగు బేరాలు. ఇంకా పైకి పోతే ఎర్రబోరు, దోర్నపాల్. సల్వాజుడుం క్యాంపులు వెలిసిన ఊళ్లు. 2006 జులైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసి ముప్పై మందికి పైగా చంపారు. చిన్నపిల్లలు కూడా. అక్కడిదాకా పోలేదు మేం.

కలవాల్సినావిడ మితానిన్. ఛత్తీస్‌గఢ్‌లో ఊరికో ఆరోగ్య కార్యకర్తను పెట్టడం 2002లోనే మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు. మన ఆశాలు ఆ తర్వాత, 2005లో వచ్చారు. అంటే ఈ పని వాళ్ల దగ్గరే మనం నేర్చుకున్నాం. ఈ మాట మన డాక్టర్ల మీటింగుల్లో ఎవరూ అనరు.

ఆవిడకు తెలుగు బాగా వచ్చు. అయిదు గజాల నీలం చీర, చేతిలో సంచి. 2020 నుంచి మలేరియా ముక్త్ బస్తర్ అని ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తం చూస్తున్నారట. జ్వరం రాకుండానే లోపల క్రిమి ఉన్నవాళ్లు బోలెడంత మంది దొరికారట. "మావైపు దోమ తగ్గితే మీవైపు తగ్గుతుంది. మీవైపు అడవిలో ఉన్నవాళ్లకు చూడకపోతే మళ్లీ మావైపు వస్తుంది. పండక్కి వస్తారు కదా వాళ్లు" అంది. రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని మాట్లాడాల్సిన ముక్క, కుంట టీకొట్టు బెంచీ మీద రెండు నిమిషాల్లో అయిపోయింది.

బామ్మర్ది తన దగ్గరున్న చీటీ తీశాడు. చర్ల వైపు నుంచి కోతలయ్యాక వెనక్కి వచ్చే కూలీల్లో మందులు మధ్యలో ఉన్నవాళ్లు. ఇద్దరు టీబీ, సికిల్‌సెల్ అనే రక్తం జబ్బున్న ఒక పిల్లవాడు, ఏడో నెల గర్భిణి ఒకామె. ఏ కంప్యూటర్లోనూ వీళ్లు ఇటు నుంచి అటు పోరు. చీటీ మీద పోతారు. ఆవిడ చదువుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది. లేవబోతూ ఆగి అడిగింది. "మావాళ్లు అటు బాగున్నారా?"

బామ్మర్ది నా వైపు చూశాడు. "బాగున్నారమ్మా, చెట్ల కింద చల్లగా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆవిడ మొహం చూస్తే, నమ్మలేదని తెలిసింది.

అయిదో రోజు

తిరుగు ప్రయాణం. పాల్వంచ దాటాక బామ్మర్ది రిజిస్టరు తీసుకుని లెక్క చూశాడు. నూట ముప్పై నాలుగు పేర్లు. పదకొండు మలేరియా, అందులో తొమ్మిది ఫాల్సిపారం. ఊరు గడిలో యాభై రెండు చోట్ల ఖాళీ.

"రిపోర్టు పంపాలి బావా. ఖాళీగా ఉంటే పైవాళ్లు ఒప్పుకోరు."

"ఏమని రాయమంటావు? పుట్టిన ఊరా, కాలిపోయిన ఊరా, ఇప్పుడున్నదా?"

"వాగు పేరు రాయి. మేడం అదే చేస్తుంది. ఆమె టూర్ బుక్కులో అన్నీ వాగులే."

కారు కుదుపుల్లో వాగుల పేర్లు రాసుకుంటూ వచ్చాను. ముసలాయన ఎదురుగా రాసేటప్పుడు కాసేపు ఆగాను.

ఖమ్మం పొలిమేరల్లో ఉండగా మేడం ఫోన్ చేసింది. పాపకు మూడో రోజు మాత్ర నిన్ననే పడింది. జ్వరం లేదు, పొద్దున జావ తాగింది. కట్టు కట్టించుకున్నతను భద్రాచలంలో ఉన్నాడు, ఎక్స్‌రే తీశారు, పాదంలో ఇనుము ఉంది, తీస్తారు. కేస్ షీటు మీద 'చెట్టు మీంచి పడి' అనే ఉందట.

"ఇంకొకటి సార్. ఆ గుంపులో సగం ఇళ్లు లేచిపోతున్నాయి. తునికాకు మొదలయ్యేలోపే పోతారట."

"ఎటు?"

"అడగలేదు సార్. పాప వాళ్లమ్మకు పసుపు ప్యాకెట్లు రెండు, కిట్లు నాలుగు ఇచ్చి పంపాను. ఎలా చూడాలో కుర్రాడికి నేర్పాను."

స్పీకర్ ఆపి బామ్మర్ది అడిగాడు. "బావా, మీ షాపులో దోమతెరలు దొరుకుతాయా?"

"స్టాకు ఉంది" అన్నాను.